మా మండలంలో నొప్పి సున్న

నొప్పి లేకుండా చావాలని ఉందా? మా మండలానికి రండి! జగిత్యాల వద్దు, సిరిసిల్ల వద్దు. కోరుట్లలో బస్సు దిగి రెండు కోసులు నడిస్తే చాలు. ఇక్కడ చచ్చేవాళ్లకు నొప్పి ఉండదు. ఈ మాట నాది కాదు, సర్కారుది.

లెక్క కట్టే పద్ధతి గొప్పది. ఏడాదిలో ఎందరు చచ్చారో చావుల రిజిస్టరులో చూస్తారు. క్యాన్సర్ వంటి పెద్ద రోగంతో పోయినవాళ్లను ఏరుతారు. దాన్ని బట్టి, నొప్పి తగ్గించే సూదిమందు వచ్చే ఏడాది ఎందరికి కావాలో అంచనా వేస్తారు. పోయిన ఏడాది మా దగ్గర మూడువందల పదకొండు మంది చచ్చారు. జ్వరంతో నూట తొంభై. ముసలితనంతో ఎనభై. మిగతావి పాము, పిడుగు, ఎన్‌కౌంటర్. క్యాన్సర్? సున్న. అంతకుముందు ఏడాదీ సున్నే. కాబట్టి మందూ సున్నే!

ఎంత అదృష్టం! బీడీల తంబాకు, మగ్గాల దుమ్ము పీల్చి పెరిగిన ఛాతీలు మరి!

సర్కారుకు లెక్కలు రావంటే నేనొప్పుకోను. అడవిలోంచి వచ్చిన అన్నలు ఎవరింట్లో తిన్నారో, ఎందరు తిన్నారో, కూర ఏమిటో పోలీసులకు తెలుసు. మా ఊరి ఆనందం అనే అతని ఇంట్లో ఆరుగురు తిన్నారని అతని భార్య ఒప్పుకుంటే, కాదు ఐదుగురేనని వాళ్లే దిద్దారు! అన్నలేమైనా తక్కువా? ఇన్ఫార్మర్లెవరో ఇంటిపేర్లతో సహా గోడమీద రాస్తారు. ఇందరు లెక్క తెలిసినవాళ్ల మధ్య నాలుగు నెలలు అరిచిన మనిషి ఏ లెక్కకూ రాలేదంటే, తప్పు ఆ మనిషిదే.

ఆ మనిషి నా భార్య సత్యవ్వ. ముప్పై ఏళ్లు బీడీలు చుట్టింది. ఆ తంబాకే నమిలింది. దవడలో పుండు లేచింది. చేసేదేమీ లేదు, నొప్పికి సూది వేయించమని కరీంనగర్ డాక్టరు చీటీ రాశాడు. చీటీ పట్టుకొని కోరుట్ల సర్కారు దవాఖానలో కంపౌండర్ నజీర్ దగ్గరికి పోయాను.

“కాకా, గా సూది మనకు రాదు. మీ మండలంల గా రోగమే లేదట.”

“లేకుంటె నా ఇంట్ల ఒర్రేది ఎవలురా?”

“నా మీద ఒర్రకు కాకా. రిజిస్టర్ల లేనోళ్లకు సూదెట్లిస్తరు?”

అయినా పాపం, ఎవరెవరినో బతిమాలి నాలుగు సూదులు తెచ్చిచ్చాడు. దారిలో పోలీసు నా సంచి విప్పాడు.

“ఎవనికిరా గివి? దెబ్బ తాకిన అన్నలకా?”

“నా ఇంటిదానికి సారూ. పానం మీదికొచ్చింది.”

“అందరు పెండ్లాం పేరే జెప్తరు. పెట్టీడ!”

సూదులు అక్కడే ఉండిపోయాయి. ఒక శాఖ లెక్కన ఆ మందు ఎవరికీ అక్కరలేదు. ఇంకో శాఖ లెక్కన అడవి మొత్తానికీ కావాలి. మధ్యలో సత్యవ్వ పోయింది.

పదకొండో నాడు చావులు రాసుకునే మొగిలయ్య రిజిస్టరు పట్టుకొని గడప బయట నిలబడ్డాడు.

“ఏమని రాయాల్నే మామా?”

మా ఊళ్లో ఆ రోగం పేరు నోటితో అనరు. అంటే ఆ ఇంట్లో ఎవరూ మంచినీళ్లు ముట్టరు. ఆ ఇంటి బీడీలు కార్ఖానాలో తీసుకోరు. లోపల నా బిడ్డ రాధమ్మ ఒళ్లో చాట పెట్టుకొని బీడీలు చుడుతున్నది. చేతులు ఆపి నా మొహం చూసింది.

“జరమని రాయి,” అన్నాను.

మొగిలయ్య అట్లాగే రాసుకున్నాడు. అతనికి అలవాటే. నూట తొంభై జ్వరాలన్నాను కదా, అందులో ఒకటి మా ఇంటిది. మిగతా ఇళ్లలో ఎవరు దేనితో ఒర్రారో నేనడగలేదు. నన్నూ ఎవరూ అడగలేదు.

నిన్న ఎదురింటి పెంటయ్య వచ్చాడు. అతని భార్య వజ్రమ్మకూ దవడలోనే లేచింది. ఆమె అరుపు నా అరుగు దాకా వినపడుతున్నది.

“అన్నా, గా నొప్పి సూది యాడ దొర్కుతదే?”

“దొర్కదు తమ్మీ. మన మండలంల నొప్పి లేదు. నేనే రాయించిన.”