నల్లని పళ్ల గోడ

మా బాబాయ్‌కి గోడల పిచ్చి. కొత్త గోడలు కాదు. పెచ్చులూడిన పాత మేడల మీద ఎప్పుడో రంగులతో రాసిన ప్రకటనలు ఉంటాయి చూడండి, సబ్బులవీ సైకిళ్లవీ, అవి. సగం చెరిగిన ప్రకటన కనిపిస్తే ఆగి చూస్తాడు. ముప్పావు చెరిగితే ఫొటో తీస్తాడు. అసలేమీ లేకపోతే ఆ గోడ ముందు నిలబడి, "ఇక్కడ ఏదో ఉండేది" అని కళ్లు తుడుచుకుంటాడు.

నేను కాలేజీ చదువుకని పల్లె నుంచి వచ్చి వాళ్లింట్లో ఉంటున్నాను. సెలవు రోజు కెమెరా స్టాండు మోసేది నేనే. పిన్ని మోయదు. "నేను మోస్తున్నది చాలదా?" అంటుంది, బాబాయ్‌ని కింది నుంచి పై దాకా చూస్తూ.

పిన్ని బాధ వేరు. మా వంటింటికి కిటికీ లేదు. మిట్టమధ్యాహ్నం కూడా లైటు వేసుకుని కూర తరగాలి. ఇల్లు మారదామంటే బాబాయ్ ఒకటే మాట: "నా ఫొటోల పెట్టెలు కదిపితే వరస తప్పిపోతాయి." పెళ్లయినప్పటి నుంచి ఆ పెట్టెలు కదల్లేదు. పిన్ని కోపమూ కదల్లేదు.

ఇలా ఉండగా బాబాయ్‌కి ఒక గిడ్డంగి పక్కగోడ తగిలింది. వీధిలోంచి చూస్తే కొట్టు బోర్డు అడ్డం వచ్చి, పైన గొడుగు బొమ్మ ఒక్కటే కనిపిస్తుంది. ఎదుటి మేడ మీది వాటా నుంచైతే గోడంతా కనిపిస్తుంది. ఆ వాటాకి 'అద్దెకు ఇవ్వబడును' అని అట్టముక్క వేలాడుతోంది.

"ఇల్లు చూడ్డానికని వెళ్దాం," అన్నాడు బాబాయ్. "ఫొటో తీస్తాం, నచ్చలేదని వచ్చేస్తాం. నువ్వేమీ మాట్లాడకు. నీకది బాగా వచ్చు."

"పిన్నికి చెప్పొద్దా బాబాయ్?"

"చెబితే నిజంగానే అద్దెకు తీసుకుందామంటుంది!"

ఇంటాయన మొలకి తాళాలగుత్తి కట్టుకున్న పెద్దాయన. నడుస్తుంటే గలగలమంటారు. మనసులోనే తాళాల తాతగారని పేరు పెట్టుకున్నాను. ఆయన హాలు చూపించబోతే బాబాయ్ ఆగలేదు. సరాసరి వంటింట్లోకి వెళ్లి కిటికీకి అతుక్కుపోయాడు.

"గాలి ధారాళంగా వస్తుందండీ," అన్నారు తాతగారు.

"పళ్లు!" అన్నాడు బాబాయ్.

"ఏమిటండీ?"

"పళ్లు స్పష్టంగా కనిపిస్తున్నాయి!"

తాతగారు గబుక్కున చేత్తో నోరు మూసుకున్నారు.

నేనూ తొంగిచూశాను. గోడ నిండా ఒకావిడ పొడవాటి జుట్టు. ఆ జుట్టు మధ్యలో పెద్ద పెద్ద పళ్లు. పళ్ల మీద గొడుగు. కింద అక్షరాలు: 'నల్లగా నిగనిగలాడే పళ్లు వానకు తడవవు.' నాకు తల తిరిగింది. పళ్లు నల్లగా ఉండటమేమిటి? నోట్లో వాన పడటమేమిటి?

"వెనకటికి పళ్లు నల్లబరిచే పొడి అమ్మేవాళ్లన్నమాట!" అన్నాడు బాబాయ్, ఊపిరాడనంత సంతోషంతో. "నా పుస్తకం అట్ట మీద ఇదే ఉండాలి!"

ఒక్క ఫొటోతో తేలలేదు. పొద్దుటి ఎండలో జుట్టు తేలుతుంది, మధ్యాహ్నం పళ్లు, సాయంత్రం గొడుగు. ప్రతిసారీ వెళ్లడం, "వంటింట్లో ఈ వేళప్పుడు వెలుతురెలా ఉంటుందో చూద్దామనీ..." అని నసగడం. తాతగారు పొంగిపోయారు. "వంటిల్లు ఇంత శ్రద్ధగా చూసే మగాణ్ణి నేనెరగను. మీ ఆవిడ పెట్టి పుట్టిందండీ!"

పెట్టి పుట్టినావిడ ఒకరోజు అన్నం తింటూ బాబాయ్ తీసిన ఫొటో ఒకటి అందుకుని చూసింది.

"ఇదెక్కడి నుంచి తీశారు?"

"పైనుంచి."

"దేని పైనుంచి?"

"అంటే... కింద కాకుండా."

"మరి మూల కుళాయి ఉందేం?"

"వెనకటి గోడలకి కుళాయిలుండేవి."

"గిన్నెలు తోముకునే తొట్టి కూడానా?"

బాబాయ్‌కి పొలమారింది. పిన్ని నావైపు తిరిగింది. "ఎంతుందే వంటిల్లు?"

నాకు అబద్ధం చెప్పడం రాదు. నిజం చెప్పే ధైర్యమూ లేదు. నోరు మూసుకునే ఉన్నాను గానీ, చేతులు రెండూ వాటంతటవే బార్లా తెరుచుకున్నాయి.

ఫొటో అంచున కొట్టు బోర్డూ, దాని మీద వీధి పేరూ ఉన్నాయి. పిన్ని అవి చదివి, ఫొటో పక్కన పెట్టేసి మజ్జిగ కలుపుకుంది.

"అరవలేదేం?" అని బాబాయ్ ఆ వారమంతా నన్నే అడిగాడు. "మీ పిన్నికి ఒంట్లో బాగానే ఉందా?"

తర్వాతి సెలవు రోజున పిన్ని చీర మార్చుకుని వచ్చింది. "పదండి, మీ వంటిల్లు నేనూ చూస్తాను."

బాబాయ్ బిక్కమొహం వేసుకుని నడిచాడు. తాతగారు గుమ్మంలోనే ఎదురొచ్చారు. "రండి రండి! ఎదురుగా ఆ మురికి గోడ ఏం బావుంటుందని సున్నం వేయిస్తున్నాను. ఆ గిడ్డంగీ మాదేలెండి."

బాబాయ్ కిటికీ దగ్గరికి పరిగెత్తాడు. గోడకి తాడు కట్టుకుని ఒకతను బకెట్‌లో సున్నం కలుపుతున్నాడు. సరిగ్గా పళ్ల దగ్గర.

"ఆపండి!"

"తెలుపు నచ్చలేదా? పోనీ ఆకుపచ్చ?"

"ఏ రంగూ వద్దు! నాకు అలాగే ఇష్టం!"

"ఆ మురికా?"

"ఆ పళ్లు!"

తాతగారు మళ్లీ నోరు మూసుకున్నారు. కాసేపటికి చెయ్యి తీసి, "ఇంట్లో ఉండేవాళ్లు వద్దంటే మానేస్తాను. ఇంతకీ మీరు దిగుతున్నట్టా, కానట్టా?" అన్నారు.

బాబాయ్ పిన్నిని చూశాడు. పిన్ని కుళాయి తిప్పి నీళ్లు చూసుకుంటోంది. "నిదానంగా ఆలోచించండి. పెట్టెల వరస తప్పిపోగలదు."

బయట సున్నం అతను కుంచె ముంచాడు. పైకెత్తాడు.

"దిగుతున్నాం!" అని బాబాయ్ పెట్టిన కేకకి కుంచె జారి కింద పడింది.

తాతగారు గుత్తిలోంచి తాళంచెవి తీశారు. బాబాయ్ చెయ్యి చాపాడు. పిన్ని అందుకుంది.

"అదేమిటమ్మా," అన్నారు తాతగారు అయోమయంగా, "మొన్న మీరే కదా వచ్చి, దిగేముందు గోడకి సున్నం వేయించమన్నది?"

"అన్నానండీ. ఆయనకి నచ్చలేదుగా మరి."

బాబాయ్ నోరు తెరిచాడు. ఈసారి పళ్లు ఆయనవే కనిపించాయి.

ఇల్లు మారాం. పొద్దున ఎండ గోడ మీద పడేసరికి బాబాయ్ కెమెరాతో వంటింటి కిటికీ దగ్గరుంటాడు. ఎలాగూ నిలబడ్డారు కదా అని పిన్ని ఆయన చేతిలో చాకూ, ముందు చిక్కుళ్లూ పెడుతుంది.

"పళ్లు నల్లబరిచే పొడి గురించి ఏ పుస్తకంలోనూ లేదే," అన్నాడు బాబాయ్ నిన్న, చిక్కుడుకాయ తరుగుతూ.

పిన్ని కిటికీలోంచి చూసింది. "తలనూనె ఒకటి, పళ్లపొడి ఒకటి, గొడుగు ఒకటి. ఒకదాని మీద ఒకటి రాసిన మూడు ప్రకటనలండీ అవి. పైవి వెలిసిపోయి అన్నీ కలిసి కనిపిస్తున్నాయి."

చాకు ఆగిపోయింది. బాబాయ్ గోడని చూశాడు, పిన్నిని చూశాడు, మళ్లీ గోడని చూశాడు.

"నీకెప్పుడు తెలిసింది?"

"ఆ రోజు అన్నం తింటూ ఫొటో చూసినప్పుడే."

"మరి అప్పుడే చెప్పొచ్చుగా!"

"చెబితే ఇక ఈ కిటికీతో మీకేం పని?"

బాబాయ్ మిగిలిన చిక్కుళ్లు తరిగేశాడు. తర్వాత పళ్లెం పిన్ని వైపు మెల్లగా జరిపి, "ఇంకేమైనా తరగాలా?" అని అడిగాడు.