అయిదు పిన్నులు, ఆరు కన్నాలు

దోషులెవరో ముందే చెప్పేస్తాను. తరవాతైతే మొహమాటం అడ్డొస్తుంది. ఎలెక్ట్రోస్టాటిక్ హెడ్‌ఫోన్లకు అయిదు పిన్నుల ప్లగ్గు పెట్టి, పాత ఆంప్లిఫయర్లకు ఆరు కన్నాల సాకెట్టు పెట్టి, ఆ అయిదూ ఈ ఆరులో హాయిగా దూరేటట్టు చేసిన మహానుభావులారా, మీరే! దూరకపోతే మనిషి ఆగుతాడు. ఆలోచిస్తాడు. సిగ్గు విడిచి ఎవరినైనా అడుగుతాడు. దూరిపోయాక ఇంకెందుకు అడుగుతాడు? ఒక ఆడమనిషి పదకొండేళ్ళు ఎదురుచూసిన పని మీ పుణ్యమా అని రెండు గంటల్లో మట్టిగొట్టుకుపోబోయింది. ఆ ఇంట్లో ఒక తమ్ముడున్నాడు కదా, అతని వాటా లేదా అని మీరంటారు. ఉంది. ఈ కథ చెప్పేవాడికి ఆ తమ్ముడు బాగా తెలిసినవాడే. గడ్డం గీసుకునేటప్పుడల్లా ఎదురుపడుతుంటాడు.

ఆ రోజు పొద్దున అనుకున్న పని చాలా చిన్నది. అక్క ఒక ఫైలు వినాలి, "సరే" అనాలి. అంతే.

అక్క డబ్బింగ్ కళాకారిణి. ఆ మాట వినగానే నాయిక గొంతు అనుకునేరు. కాదు. పదకొండేళ్ళుగా ఆవిడ గుంపులో గొంతు. సినిమాలో బజారు తగలబడితే "మంటలు! మంటలు!" అనే నలుగురిలో ఒకరు. దొంగ పారిపోతే "పట్టుకోండి!" అనే ఆరుగురిలో ఒకరు. అలాంటి మనిషికి మొదటిసారిగా ఒక ఆడియో పుస్తకం మొత్తం చదివే పని వచ్చింది. లైట్‌హౌస్ కాపలా కాసే ఒక కుటుంబం కథ, మూడు వందల యాభై పేజీలు. రెండు నెలలు చదివింది. రికార్డింగ్ ఇంజనీరు పొద్దున పదింటికి మొదటి అధ్యాయం పంపి, "ఒకసారి వినండి మేడమ్. మార్పులుంటే చెప్పండి. పన్నెండింటికి సంపాదకురాలి ముందు పెట్టాలి. ఆవిడకి నచ్చితే ఇదే కాదు, వచ్చే పుస్తకాలు కూడా మీకే" అని రాశాడు. నచ్చకపోతే ఏమిటో రాయలేదు. అది అక్కకి తెలుసు. మళ్ళీ మంటలు, మళ్ళీ దొంగలు.

ఆవిడ ఫోను ఇయర్‌ఫోన్లు చెవిలో పెట్టుకోబోతుంటే తమ్ముడు గదిలోంచి ఒక్క ఉరుకున వచ్చాడు.

"ఆగక్కా! దాంతో వింటావా?"

"వినకూడదా?"

"నీ మొదటి పుస్తకం! బస్సులో కాలక్షేపానికి పెట్టుకునే వాటితో వింటావా? నేనుండగా?"

"నువ్వుండగానే కదరా నా భయం."

బల్ల మీద చొక్కాలు ఇస్త్రీ చేస్తున్న బావ తలెత్తకుండానే నవ్వాడు. "ఏం మెమోరాండం, ఇవాళ ఎవరి మీద పోరాటం?"

తమ్ముడికి ఆ పేరు ఊరికే రాలేదు. నీళ్ళ ట్యాంకు మీద, లిఫ్టు మీద, బస్సుల మీద, ప్యాకెట్లో రెండు తక్కువొచ్చిన బిస్కెట్ల మీద అతను రాయని మెమోరాండం లేదు. ఎలెక్ట్రానిక్స్‌లో అతనిది స్వయంకృషి. ఒక్క క్లాసుకి కూడా వెళ్ళలేదని, జనం డిగ్రీలు చెప్పుకున్నట్టు గర్వంగా చెప్పుకుంటాడు. విప్పిన రేడియోలన్నీ అతని గదిలోనే ఉన్నాయి. బిగించినవి మాత్రం ఇంతవరకూ ఎవరూ చూడలేదు.

వారం కిందటే ఎవరో వాడి వదిలేసిన ఎలెక్ట్రోస్టాటిక్ హెడ్‌ఫోన్లు కొన్నాడు. అలాంటివాటికోసం పుట్టిన పాత ఆంప్లిఫయర్ ఒకటి అంతకుముందే ఇంకెక్కడో దొరికింది. రెండూ ఒకే జాతివి కాబట్టి కలిసిపోతాయని అతని నమ్మకం.

"చూడక్కా, మామూలు హెడ్‌ఫోన్‌లో అయస్కాంతం, తీగచుట్ట ఉంటాయి. మోటు సరుకు. ఇందులో రెండు చిల్లుల పలకల మధ్య ఒక పలచటి పొర. వెంట్రుక కంటే ఎన్నో రెట్లు పలచన. ఆ పొరకి వోల్టేజీ పట్టిస్తే అదే పాడుతుంది. నువ్వు ఊపిరి పీల్చినా దాచదు."

"మా ఆవిడ ఊపిరి నాకు మామూలుగానే వినబడుతుందోయ్," అన్నాడు బావ.

ప్లగ్గు సాకెట్లో మెత్తగా దూరింది. అక్క వంగి చూసింది. "ఒక కన్నం మిగిలిందేంట్రా?"

"గాలాడ్డానికి," అన్నాడు తమ్ముడు. ఆ క్షణంలో అతను దాన్ని నిజంగానే నమ్మాడు. స్వయంకృషిలో ఉన్న సుఖమే అది.

అక్క వింది. మొహం చిన్నబోయింది. "ఎక్కడో పక్కింట్లో చదువుతున్నట్టుందిరా."

తమ్ముడు వాల్యూమ్ మీట చివరికంటా తిప్పాడు. పక్కింటి నుంచి గుమ్మం దాకా వచ్చింది గొంతు, లోపలికి రాలేదు. అతను హెడ్‌ఫోన్లు లాక్కుని విన్నాడు. మరొకడైతే వస్తువుని అనుమానించేవాడు. తమ్ముడి అనుమానం ఎప్పుడూ మనుషుల మీదకే పోతుంది. "నొక్కేశారక్కా! నీ గొంతు నొక్కేశారు! కొత్తవాళ్ళంటే అంతే వీళ్ళకి. ఇప్పుడే ఫోన్ చెయ్!"

అక్క మొహమాటంగానే ఫోన్ చేసింది. "ఏమీ అనుకోకండి, నా గొంతు కొంచెం... తక్కువుందండీ."

"తక్కువుందా మేడమ్? నాకు సరిగ్గానే ఉంది," అన్నాడు ఇంజనీరు. అయినా కొత్త కళాకారిణి మనసు కష్టపెట్టడం ఇష్టంలేక పెంచి పంపాడు.

రెండో ఫైలు గుమ్మం దాటి లోపలికి వచ్చింది. కానీ ఇంకో సంగతి మొదలైంది. అక్క సరిగా వినబడాలని రెండు చేతులతో హెడ్‌ఫోన్లు చెవులకేసి నొక్కుకుంది. నొక్కినప్పుడల్లా కరకరమని చప్పుడు.

"ఎవరో కాగితం నలుపుతున్నట్టుందిరా."

"నలుపుతారు! నువ్వు ప్రాణం పెట్టి చదువుతుంటే అవతల కూర్చుని పకోడీ పొట్లం విప్పుకునుంటారు!"

మళ్ళీ ఫోన్. "మధ్యమధ్యలో కరకర వస్తోందండీ. తల కదిపినప్పుడల్లా వస్తోంది."

ఇంజనీరు అడిగాడు. "చదివేటప్పుడు తల బాగా కదిపారా మేడమ్?"

అక్క పదకొండేళ్ళు గుంపులో నిలబడిన మనిషి. తప్పు ఎక్కడున్నా ముందు తన దగ్గర వెతుక్కునే అలవాటు. "కదిపే ఉంటానండీ. బాధగా ఉన్న చోట్ల కొంచెం కదుపుతాను."

"అయితే పేజీల చప్పుడూ, మీ ఊపిరీ, అన్నీ తుడిచేస్తానులెండి," అన్నాడతను. గొంతులో ఓపిక ఒక మెట్టు దిగింది.

ఈలోగా తమ్ముడికి ఎప్పుడో చదివిన ఒక వాక్యం గుర్తొచ్చింది. ఈ హెడ్‌ఫోన్లకు ఇద్దరు శత్రువులు, తేమా దుమ్మూ. అందులో మొదటి సగం అతనికి బాగా నచ్చింది. "తేమక్కా! కరకరలో సగం వాళ్ళదైతే సగం తేమది. న్యాయం న్యాయమే, ఒప్పుకోవాలి," అని అక్క జుట్టు ఆరబెట్టుకునే డ్రయ్యరు తెచ్చి, వేడి మీట మీద పెట్టి, హెడ్‌ఫోన్ల రెండు చెవి గిన్నెల్లోకీ అయిదేసి నిమిషాలు ఊదాడు. ఆ డ్రయ్యరు పుట్టిన దగ్గరనుంచి దాని వెనక జాలీని ఎవరూ శుభ్రం చేయలేదు. తేమని తరిమే హడావిడిలో రెండో శత్రువుని పీచూ, నూగూ, రెండు మూడు వెంట్రుకలతో సహా దగ్గరుండి లోపల దిగబెట్టాడు.

ఈసారి కుడి చెవిలో "కీ..." అని సన్నటి ఈల. ఆగదు.

"ఈల వినబడుతోందండీ," అంది అక్క ఫోన్లో, దాదాపు ఏడుపు గొంతుతో.

"ఈల," అన్నాడు ఇంజనీరు. అడగలేదు. ఊరికే ఆ మాటని ఒకసారి పలికి చూసుకున్నాడు. "సరే మేడమ్. ఈల పలికే పైస్థాయి ధ్వని అంతా కోసేస్తాను. మూడో ఫైలు తయారుచేసి నేరుగా సంపాదకురాలికే పంపేస్తాను, టైమ్ లేదు."

అక్క మొహం కడుక్కోవడానికి లోపలికి వెళ్ళింది. తమ్ముడు కంప్యూటరు ముందు కూర్చున్నాడు. ఇంజనీరు పంపిన మెయిల్లో సంపాదకురాలి చిరునామా తెరమీదే ఉంది. అతని వేళ్ళకి అంతకన్నా ఏం కావాలి?

"మా అక్క గొంతును మీరు ముందు నొక్కారు. తరవాత నలిపారు. ఇప్పుడు ఏకంగా ఈలలు వేస్తున్నారు. ఇది ఒక్క గొంతు సమస్య కాదు, గుంపులో నిలబడ్డ ప్రతి గొంతు సమస్య. ఆవిడ బాధగా ఉన్నచోట తల కదుపుతుంది. మీరెప్పుడైనా కదిపారా? ఇరవైనాలుగు గంటల్లో సంజాయిషీ ఇవ్వకపోతే మీ ఆఫీసు గుమ్మంలో బైఠాయిస్తాను. ఇట్లు, చెవులున్న పౌరుడు."

పంపేశాడు. అప్పుడు వచ్చింది అక్క, తువ్వాలుతో.

"ఎవరికి రాశావురా?"

"పైవాళ్ళకే. కిందివాళ్ళతో మనకేంటి?"

అక్క చదివింది. కోప్పడుతుందనుకున్నాడు. ఆవిడ మెల్లిగా కుర్చీలో కూర్చుంది.

"పదకొండేళ్ళు 'పట్టుకోండి పట్టుకోండి' అని అరిచానురా. ఎవర్ని పట్టుకోవాలో కూడా ఒక్కడూ చెప్పలేదు. మొదటిసారి నాకో కథ చేతికిచ్చారు. దాన్ని కూడా నువ్వు..."

బావ ఇస్త్రీపెట్టె నిలబెట్టాడు. గదిలో ఇంకే చప్పుడూ లేదు, హెడ్‌ఫోన్ల కుడి గిన్నె తప్ప. అది బల్లమీద పడుకుని ఇంకా ఈల వేస్తూనే ఉంది.

పన్నెండుకు పది నిమిషాలుందనగా ఇంజనీరే ఫోన్ చేశాడు. "మేడమ్, మూడో ఫైలు వెళ్ళిపోయింది. నాకో సందేహం. మీరు దేంతో వింటున్నారు?"

తమ్ముడు ఫోను అందుకుని రొమ్ము విరుచుకుని చెప్పాడు.

"ప్లగ్గుకి పిన్నులెన్ని?"

"అయిదు."

"సాకెట్టుకి కన్నాలు?"

"ఆరు. ఒకటి గాలాడ్డానికి..."

"సాకెట్టు పక్కన ఒక అంకె ఉంటుంది, చదవండి."

తమ్ముడు చదవలేదు. బావ కళ్ళజోడు సవరించుకుని వంగి చదివాడు. "రెండు వందల ముప్ఫై వోల్టులు."

"మీ హెడ్‌ఫోన్‌కి అయిదు వందల ఎనభై కావాలి సార్. సగం కూడా అందట్లేదు. గొంతు ఎక్కణ్ణించి వస్తుంది?"

"మరి కరకర?" తమ్ముడి స్వరం కూడా రెండు వందల ముప్ఫైకి దిగింది.

"గట్టిగా నొక్కితే గాలికి పొర పలకకి తగులుతుంది. దాని నైజం అది. నొక్కకూడదు."

"ఈల?"

"దుమ్ము. లోపలికేమైనా ఊదారా?"

తమ్ముడు డ్రయ్యరుని కాలితో బల్లకిందకి తోశాడు.

బావ అక్క చేతికి ఆవిడ ఫోనూ, ఆ బస్సు ఇయర్‌ఫోన్లూ ఇచ్చి మొదటి ఫైలు పెట్టాడు. అక్క రెండు నిమిషాలు కదలకుండా వింది. పేజీ తిప్పిన చప్పుడు, వాక్యానికి ముందు తీసుకున్న ఊపిరి, తల కదిపిన చోట కొద్దిగా దూరం జరిగిన మాట, అన్నీ ఉన్నాయి.

"బాగుందండీ," అంది మొగుడితో, ఎవరినో మెచ్చుకుంటున్నట్టు. "ఇది వెళ్ళాల్సింది."

గడియారంలో పన్నెండు దాటింది.

పన్నెండుంబావుకి సంపాదకురాలి ఫోన్. అక్క రెండు చేతులతో పట్టుకుంది.

"ఇంజనీరు పంపించిన మూడో ఫైలు విన్నానమ్మా. ఊపిరి లేదు, పేజీ చప్పుడు లేదు, గొంతులో ఎత్తుపల్లాల్లేవు. యంత్రం చేత చదివించి మనిషి పేరు పెట్టారనుకున్నాను. వద్దని రాసేశాను కూడా. పంపబోతుంటే ఈ ఉత్తరం కంటపడింది. చెవులున్న పౌరుడెవరు?"

"మా తమ్ముడండీ," అంది అక్క నేల చూస్తూ.

"అదే అనుకున్నాను. యంత్రానికి ఇలాంటి తమ్ముడుండడు. వెంటనే ఇంజనీరుని అడిగి మొదటి ఫైలు తెప్పించుకుని విన్నాను. దాన్ని ఎవరూ ముట్టుకోవద్దని చెప్పాను. రెండో పుస్తకం సోమవారం మొదలుపెడదామా? ఆ తల కదపడం మాత్రం మానకండి."

అక్క ఫోను పెట్టేసి బావ భుజం మీద తల వాల్చి నవ్విందో ఏడ్చిందో తెలియలేదు. తమ్ముడు వెన్ను నిటారుగా చేశాడు.

"చూశావా బావా? చివరికి పని జరిగింది ఎవరి ఉత్తరంతో?"

"నీ ఉత్తరంతోనేనోయ్. అందులో కాస్త తెలివున్నా, అదీ యంత్రమే రాసిందనుకుని ఆవిడ వద్దనే పంపేసేది."

తమ్ముడు ఆంప్లిఫయరు ఆపాడు. వోల్టేజీ దిగేదాకా ఆగాడు, ప్లగ్గు మెల్లిగా లాగాడు, హెడ్‌ఫోన్ల మీద శుభ్రమైన గుడ్డ కప్పాడు. వారంలో వాటికి జరిగిన మొదటి సరైన మర్యాద అది. తరవాత అలవాటుగా కాగితం ముందుకు లాక్కుని, తయారీదారులనుద్దేశించి "అయ్యా" అని మొదలుపెట్టబోయాడు. అక్క కలం తీసేసుకుంది.

కాబట్టి ఇది చదువుతున్నవాళ్ళందరూ ఇప్పుడే, ఈ నిమిషమే లేచి, తమ ఇంట్లోని ఆంప్లిఫయరు సాకెట్టు పక్కన రాసిన అంకె చదవాలి. చదివాక ఎవరికీ ఉత్తరం రాయకూడదు.