చెరుకుపల్లి బంకున ఆక్టేన్ సంగ్రామం

అవధరించండి! ఉత్తరాన తెనాలి, నైరుతిన బాపట్ల, తూర్పున రేపల్లె అనే పురత్రయం కాపలా కాస్తుండగా, కాలువనీటి తీపీ సముద్రపుగాలి ఉప్పూ కలిసిమెలిసి తిరిగే వరిచేల సీమలో, సహస్రకిరణుడు పొద్దున తొమ్మిదింటికే ఉగ్రరూపం దాల్చిన ఒకానొక మార్చి శనివారం నాడు, చెరుకుపల్లి పొలిమేరలోని పెట్రోలు బంకు అనే రణరంగాన సంభవించిన మహాసంగ్రామాన్ని చెప్పబోతున్నాను. నేను గొంతు సవరించుకున్నాను, మీరు చెవులు సవరించుకోండి. మధ్యలో ఫోను చూసుకునేవాళ్లు ఇప్పుడే లేచి వెళ్లిపోతే నాకేం అభ్యంతరం లేదు.

ఈ గాథకు నాయకుడు రాజారత్నం మాస్టారు. బాపట్ల బాలకుల చేత తరతరాలుగా వర్గమూలాలు వల్లెవేయించిన గణితసింహుడు, సుద్దముక్కాయుధధరుడు, నూటికి తొంభై అయిదు తెచ్చుకుని మురిసిపోతూ ఎదుట నిలిచిన పసివాణ్ణి “మిగతా అయిదూ ఏవిరా?” అని అడిగి ఏడిపించిన శతాంకైకవ్రతుడు. అట్టి మహానుభావుడు ఉద్యోగ విరమణానంతరం తెనాలిలో ఒక డాక్టరుగారి షెడ్డులో నీలమేఘచ్ఛాయతో మెరిసిపోతున్న జర్మనీ కారును చూచి, మనసు పారేసుకుని, కొనేశాడు. సెకండ్ హ్యాండే, కాదనను. అయితేనేం, తలుపు వేస్తే ధనాలుమనదు, వినయంగా ‘థుప్’ అంటుంది.

ఆ థుప్పుకు ఊరంతా ముగ్ధమైంది, ఒక్క సుందరమ్మగారు తప్ప. ఆమె మాస్టారి ధర్మపత్ని, చర్చి స్త్రీల సమాజానికి ప్రధాన గాయని. కారు కొన్న కొత్తలో ఇదే దారిన రేపల్లె వెళుతూ కాలువ వంతెన ఎక్కుతుండగా, రేకు డబ్బాలో శనగలు పోసి ఊపినట్టు ఇంజను టకటకలాడింది. అప్పుడు టాంకులో ఉన్నది మామూలు పెట్రోలు. ఆనాటి నుంచి ఆమె ముందు సీట్లో కూర్చోవడం మానేసి, టాక్సీ ఎక్కినట్టు వెనక కూర్చుంటోంది. “ఇంకొక్కసారి ఆ చప్పుడు వచ్చిందంటే దిగి బస్సెక్కుతానండి. మళ్లీ ఈ కారు ముఖం చూడను” అని తీర్పు కూడా చెప్పేసింది. పాపం మాస్టారు! కారు గురించి ఊరంతా పొగిడినా ఆయనకు ఆనలేదు. ఆవిడ నోటి నుంచి ఒక్క మంచి మాట కావాలి, అంతే.

ఆ చప్పుడుకు మూలం ఆక్టేన్. కంగారుపడకండి, ఒక్క ముక్కలో చెప్పేస్తాను. ఇంజను లోపలి నొక్కుడుకు పెట్రోలు ఎంతవరకు తొందరపడకుండా ఓర్చుకోగలదో తెలిపే అంకె అది. ఓర్పు చాలని పెట్రోలు వేళ కాకముందే భగ్గుమంటుంది, ఇంజను టకటకమంటుంది. ఏ కారుకు ఎంత ఓర్పు కావాలో దాన్ని చేసినవాడే చెప్పాలి. సుందరమ్మగారి ఓర్పు ఎంతో మాస్టారికి ఇన్నేళ్లలో అంతుపట్టలేదు, ఇక కారుది ఎలా తెలుస్తుంది? డాక్టరుగారిచ్చిన పుస్తకం చూద్దామంటే ఆసాంతం జర్మను భాష.

ఇక యుద్ధానికి వద్దాం. ఆ శనివారం రేపల్లెలో స్త్రీల సమాజాల కూడిక. పది గంటలకు ఆరంభం, మొదటి పాట సుందరమ్మగారిది. నూరు ఆక్టేన్ తప్ప మరొకటి ముట్టనని భీషణ ప్రతిజ్ఞ పట్టిన మాస్టారు, బాపట్లలో ఎదురైన బంకులన్నిటినీ తృణీకరించి, కర్లపాలెంలో పెట్రోలు అయిపోవస్తోందని ఎర్రదీపం వెలిగినా లెక్కచేయక, కొనఊపిరితో ఉన్న రథాన్ని చెరుకుపల్లి దాకా లాక్కొచ్చాడు. అక్కడ అది ఇక కదలనంది.

“ఏది కొట్టమంటారండీ? మామూలుదా, తొంభై అయిదుదా?” అని అడిగింది బంకులో గొట్టం పట్టుకుని నిలబడ్డ ప్రేమకుమారి.

“నూరు లేదా, అమ్మా?”

“నూరు ఇక్కడెక్కడిదండీ! దానికి విజయవాడ పోవాలండి.”

అంతట ఆ గణితసింహుడు కళ్లద్దాలు సవరించుకుని, కుడిచేయి ఆకాశానికెత్తి, ఎదుటనున్నది గొట్టం పట్టుకున్న ఆడపిల్ల అన్న సంగతి మరచి, గర్జించాడు.

“ఏమీ! జర్మనీదేశ యంత్రకోవిదుల నిశితమేధామథన సంజాతమైన ఈ లోహతురంగానికి తొంభై అయిదా? పరీక్షాపత్రాల మీద తొంభై అయిదుకు తలవంచని నేను, ఈ ముదిమిలో ఒక రబ్బరు గొట్టానికి తలవంచుతానా? వంచను! అయిదు తక్కువైన ఇంధనం నా రథగర్భాన్ని స్పృశించరాదు!”

“ముందు మీరు కాస్త పక్కకు జరగండి సార్, వెనకాల ఆటో రావాలి” అంది ప్రేమకుమారి.

అప్పుడు రథం ముందు సీటులోంచి ప్రతివీరుడు దిగాడు. సుందరమ్మగారి తమ్ముడు జాన్ బాబు, తెనాలిలో స్కూటరు స్పేర్ పార్టుల వర్తకుడు, మితవ్యయమహారథి. “బావగారూ, పెట్రోలు ఏదైనా పెట్రోలేనండి. మామూలుది తొంభై ఒకటి ఉంటది, పోయించండి. కారుకేమైనా నాలికుందా, రుచి తెలవడానికి?” అన్నాడు.

“వంతెన మీద శనగలు వేయించింది నీ మామూలే కదయ్యా!”

“అది రోడ్డు గతుకులండీ బావగారూ!”

ఇరువురూ జేబులలోంచి చరవాణులను ఒరలోంచి కత్తుల్లా దూశారు. జాన్ బాబు ఫోను తొంభై ఒకటి చాలంది. మాస్టారి ఫోను తొంభై ఎనిమిదికి దిగవద్దంది. ప్రేమకుమారి కూడా ముచ్చటపడి తన ఫోన్ని అడిగితే అది ఏదో చీరల దుకాణం ప్రకటన చూపించింది. వెనక ఆటో, ఆటో వెనక ట్రాక్టరు, ట్రాక్టరు వెనక పాలబండి, శంఖభేరీమృదంగాదులకు ఏమాత్రం తీసిపోని హారన్లతో దిక్కులు పిక్కటిల్లజేశాయి.

“ఏంటండీ ఈ గోల?” అంటూ సుందరమ్మగారు వెనక అద్దం దించింది. “మొదటి పాట నాదండి. నేను లేకపోతే ఆ రేపల్లె వాళ్లు వాళ్ల మనిషిని పాటకు లేపేస్తారు.”

“అక్కా, ఒక్క నిమిషం!” అని జాన్ బాబు హఠాత్తుగా నుదురు కొట్టుకున్నాడు. “ఏ కారుకైనా పెట్రోలు మూత లోపల రాసే ఉంటది కదండీ, ఏ నంబరు పొయ్యాలో!”

మూత తెరిచారు. నిజమే, లోపల ఏదో చీటీ అంటించి ఉంది. కానీ దానిమీద, అంచులకు అంచులు సరిపోయేలా, బంగారు అక్షరాల బైబిలు వాక్యం స్టిక్కరు! అదెవరి పని అంటారా? కారు ప్రతిష్ఠ నాడు పాస్టరుగారు ప్రార్థన చేసి వెళ్లాక, ప్రతి ద్వారానికీ ఒక వాక్యం ఉండాలని సుందరమ్మగారు నాలుగు తలుపులకూ, డిక్కీకీ అంటించింది. ఒకటి మిగిలింది. ఇదీ చిన్న తలుపే కదా అని దీనికీ అంటించింది.

మాస్టారు తాళంచెవి దూశాడు. గీకడానికి చేయెత్తాడు.

“వాక్యం మీద ఇనుము పెడతారా?” కారు దిగి వచ్చేసింది సుందరమ్మగారు. “మీ నంబరు కోసం దేవుడి మాట చించుతారా? చించండి చూద్దాం!”

సరిగ్గా అప్పుడే బాపట్ల వైపు నుంచి రేపల్లె బస్సు ధూళి లేపుకుంటూ వచ్చి ఎదుటి స్టాపులో ఆగింది. ఆవిడ దాన్ని చూసింది. మాస్టారూ చూశాడు. ఇక్కడ అబద్ధం చెప్పకూడదు, ఆ వీరుడికి ఆవిడ చెప్పిన తీర్పు గుర్తొచ్చింది. ఎత్తిన చేయి దించి, తాళంచెవి జేబులో వేసుకున్నాడు. గ్రంథభాష ఎటు పోయిందో పోయింది.

“బస్సెక్కు సుందరం. నేను గీకను. కారు ఇక్కడే పడి ఉంటుంది, మించిపోయిందేమీ లేదు. నీ పాట మాత్రం పోకూడదు. పోయినేడు నువ్వు పాడుతుంటే వెనక బెంచీలో ఏడ్చాను, నీకు చెప్పలేదు.”

సుందరమ్మగారు ఆయన ముఖంలోకి చూసింది. బస్సు హారను కొట్టింది. ఆవిడ కదలలేదు. బస్సు తన దారిన తాను పోయింది.

“చెప్పాల్సింది. సర్లెండి, జరగండి” అని, పొద్దున తలకు దట్టంగా పట్టించుకున్న కొబ్బరినూనెను జడ మొదట్లోంచి వేలితో తీసి, స్టిక్కరు అంచు చుట్టూ రాసింది. “స్టీలు గిన్నెల మీద స్టిక్కర్లు ఇట్లాగే తీస్తాం. గీకితే గీత పడతది. నూనె పట్టించి, కాసేపు నోరు మూసుకోవాలి.”

మూసుకున్నారు. ఆటోవాడు కూడా హారను ఆపి దిగొచ్చి చూశాడు. ఆవిడ గోటికొనతో ఒక మూల లేపింది, రెండో మూల లేపింది. వాక్యం ఒక్క అక్షరమైనా చెక్కుచెదరకుండా, చక్కగా, మొత్తంగా ఊడి వచ్చింది. దానికింద నల్లని అంకె.

తొంభై అయిదు.

అహో! ఇద్దరు వీరులూ పక్కనే ఉన్న గొట్టం వంక చూశారు. ఒకడు తక్కువని ఛీకొట్టినదీ, మరొకడు దండగని తోసిపుచ్చినదీ, ప్రేమకుమారి మొట్టమొదట అడిగినప్పటి నుంచి ఆమె చేతికి అందే దూరంలోనే వేలాడుతున్నదీ అదే.

“నూరు పోస్తే?” అన్నాడు మాస్టారు, వ్రతభంగాన్ని సహించలేని హీనస్వరంతో.

“దండగండి. అడిగినంత ఇస్తే చాలదూ?” అంది సుందరమ్మగారు. కొంగుతో నూనె తుడిచి, ఆ వాక్యాన్ని తీసిన చోటనే కొద్దిగా పక్కకు జరిపి, అంకె కనబడేలా మళ్లీ అంటించింది. “దేవుడి మాటా ఉంటది, కంపెనీ మాటా ఉంటది.”

టాంకు నిండింది. జాన్ బాబును వెనక్కి వెళ్లమని ఆవిడ ముందు సీట్లో కూర్చుంది. థుప్! వంతెన వచ్చింది. మాస్టారు ఆక్సిలరేటరు తొక్కి, చెవులు రెండూ ఇంజనుకు అప్పగించాడు. కారు ఎక్కింది, దిగింది. చప్పుడు లేదు.

“ఏంటండీ, శనగలు వేగలేదు?”

“లేదు సుందరం, లేదు!” అంటూ ఆయన స్టీరింగు మీద తాళం వేశాడు. “నూటికి ఎన్ని వేస్తావు?”

“తొంభై అయిదు.”

మాస్టారు నోరు తెరిచాడు.

“మిగతా అయిదూ ఏవని అడక్కండి” అంది ఆవిడ. “ఏసీ గాలికి గొంతు పట్టేస్తోంది. అది కట్టేస్తే అవీ వేస్తాను.”

జయము, జయము! అష్టదిక్కులూ ఆలకించుగాక! బాపట్ల పురవాసి, శతాంకైకవ్రతుడు రాజారత్నం మాస్టారు, చెరుకుపల్లి రణాంగణమున ఆక్టేన్ మాయను ఛేదించి, కాలువ వంతెన నిశ్శబ్దంగా దాటి, చూపుడువేలి కొనతో ఏసీ మీట నొక్కి, ఒకే ఒక్క మనిషి చేతుల మీదుగా నూటికి నూరు మార్కులు సాధించాడు. అద్దాలు దిగాయి, చేలగాలి లోపలికి వచ్చింది. సుందరమ్మగారు పాట సాధకం మొదలుపెట్టింది. ఇంజను చప్పుడు లేదు కాబట్టి, ఈసారి ఆయన ముందు సీట్లోనే కూర్చుని అంతా విన్నాడు.