గరుడన్‌కరడుకి రెండు గంపల బాకీ

కొండంతా మన్నే అయినప్పుడు, ఆ కొండమీది దేవుడికి కింది నుంచి ఇంకో గంప మన్ను ఎందుకు? ఈ సందేహాన్ని కృష్ణరాజ్ నాయుడు పాతికేళ్ళుగా మోస్తున్నాడు. మన్ను మాత్రం మోయలేదు.

కోయంబత్తూరు శివార్లలో గరుడన్‌కరడు అనే చిన్న గుట్ట ఉంది. పైన పెరుమాళ్ళ గుడి. ఆ చుట్టుపక్కల తెలుగు కుటుంబాలకు ఒక పాత మొక్కు ఉంది. పురటాసి నెల శనివారం నాడు సొంత పెరట్లో తవ్విన మన్నును గంపలో నెత్తికెత్తుకుని, దారిలో కాలు జారిన చోట పోయాలి. కూతురు దర్శిని పసిబిడ్డగా జ్వరంతో మూలుగుతున్నప్పుడు కృష్ణరాజ్ ఈ మొక్కు మొక్కుకున్నాడు. జ్వరం తెల్లవారేసరికి పోయింది. మొక్కు పోలేదు. మొదట మోటారు పంపుల కొట్టు అడ్డొచ్చింది, తరువాత వాన, ఆ తరువాత మోకాలు.

ఇప్పుడు ఆ మోకాలికి పురటాసి వెంటనే వచ్చే ఐప్పసి నెలలో ఆపరేషన్ ఖాయమైంది. ఆ తరువాత బరువెత్తుకుని గుట్ట ఎక్కకూడదని డాక్టరు చెప్పాడు. అంటే ఈ పురటాసి దాటితే పెరుమాళ్ళకు మొహం చూపించే దారి లేదు. అందుకని కృష్ణరాజ్ కొండలెక్కే బ్యాటరీ సైకిలు కొన్నాడు.

"పెరుమాళ్ళు నిన్ను మోయమన్నాడు నైనా, బ్యాటరీని కాదు" అంది దర్శిని.

"బ్యాటరీ ఎవరిది అమ్మణీ? నాదే గదా."

దేవుడి దగ్గరికి వెళ్ళే ఏ దారికైనా కింద ఒక కార్యాలయం వెలవడం సృష్టి ధర్మం. శనాదివారాల్లో కుర్రకారు ఇలాంటి సైకిళ్ళతో గుట్టమీదికి ఎగబడుతున్నారనీ, దారి అరిగిపోతోందనీ గరుడన్‌కరడు దారి సంరక్షణ, బాధ్యతాయుత స్వారీ మండలి ఏర్పడింది. మన్నును కాపాడడమే ధ్యేయం కనుక, మండలి మొట్టమొదట ప్రతి మలుపులో గుంత తవ్వి ఒక బోర్డు పాతింది. (తవ్విన మన్ను మొదటి వానకే కిందికి పోయింది. దాన్ని సహజమైన అరుగుదలగా లెక్కగట్టారు.)

బోర్డు మీది నిబంధనలు నిజంగా మంచివే. నడిచేవారికి దారి ఇవ్వాలి. మలుపులు కోసి అడ్డంగా పోకూడదు. తడిదారిలో చక్రం దింపకూడదు. చక్రం ఈడ్చుకుపోయేలా బ్రేకు వేయకూడదు. ఇంత మంచి మాటలు చదవకుండా ఎవరు పోగలరు? అందరూ సరిగ్గా బోర్డు ముందు గట్టిగా బ్రేకు వేసి, చదివి, తలాడించి వెళ్ళేవారు. గుట్టమీద లోతైన గాళ్ళన్నీ బోర్డుల ముందే ఉండేవి.

మండలి తరఫున మన్ను అరుగుదల పరిశీలకుడు దినకరన్. ఇంట్లో మాట్లాడేది తెలుగే అయినా, నిబంధన నోట్లోకి రాగానే తమిళ యాసలోకి మారి ముఖం బిగించేవాడు.

పురటాసిలో శనివారాలు ఒక్కొక్కటే జరిగిపోయి, చివరికి రెండు మిగిలాయి. ఆ మొదటిదాంట్లో కృష్ణరాజ్ గంపను సైకిలు వెనక కట్టుకుని, బ్యాటరీ జోరును అన్నిటికన్నా పై మెట్టులో పెట్టి బయల్దేరాడు. ఐదో మలుపులో వెనక చక్రం ఉన్నచోటే గిరగిరా తిరిగి, ఏళ్ళనాటి మన్నును లోయలోకి చిమ్మింది. సైకిలు ఒరిగింది. గంప బోర్లాపడి, అందులోని మన్ను కూడా దాని వెంటే పోయింది.

దినకరన్ గొడుగు పక్కన పెట్టి, గాడిలో టేపు దింపాడు.

"మీ చక్రం ఒక గంప మన్ను తోసేసింది సార్. మీరు కొండకి ఒక గంప బాకీ."

"ముందరే ఒకటి బాకీ ఉండాను తంబీ."

"ఆమా? అప్పుడు రెండు." ఫోనులోని మండలి యాప్‌లో నొక్కుకున్నాడు. "మీరు శిక్షణకి రావాల. సర్టిఫికెట్ లేకుండా ఇంక ఎక్కేదానికి లేదు."

శిక్షణ ఒక కల్యాణమండపంలో ఫ్యాను కింద జరిగింది. ఎత్తులో బ్యాటరీని తక్కువ మెట్టులో పెట్టాలనీ, చక్రం జారితే దిగి నడిపించాలనీ కుర్చీల్లో కూర్చోబెట్టి నేర్పారు. కృష్ణరాజ్ శ్రద్ధగా నేర్చుకున్నాడు. సర్టిఫికెట్ చేతికొచ్చిన సాయంత్రమే వాన మొదలైంది.

చివరి శనివారం ఉదయానికి వాన వెలిసింది కానీ దారి తడిగానే ఉంది. గుట్ట కింద దినకరన్ చెయ్యి అడ్డం పెట్టాడు.

"తడిదారి సార్. చక్రాలకి అనుమతి లేదు."

"మరి నడిచేవాళ్ళకి?"

దినకరన్ ఫోనులో చాలాసేపు వెతికాడు. "నడిచేవాళ్ళు... యాప్‌లోనే లేరు సార్. మీ ఇష్టం."

కృష్ణరాజ్ సైకిలును బోర్డుకు గొలుసు వేసి కట్టి, గంపను నెత్తికెత్తుకున్నాడు. వెనకాల భార్య శ్రీరంజని, దర్శిని వచ్చారు. మలుపు మలుపుకీ ఆగి, మోకాలు పట్టుకుని, గోవిందా అనుకుంటూ ఎక్కాడు. ఐదో మలుపులో కాలు సర్రున జారింది. చూస్తే అది తన చక్రం చేసిన గాడే. అందులో నీళ్ళు వాగులా పారుతున్నాయి.

"ఏమండి, ఇక్కడే పోయండి" అంది శ్రీరంజని.

"దేవుడికి గదా ఇది? ఇంత దిగువనా?"

"దేవుడికని ఎవరు చెప్పినారు? మనోళ్ళు గుళ్ళో ఎప్పుడన్నా పోసినారా? ఏంటికి జారేచోటే పోయమన్నారు?"

కృష్ణరాజ్ గంప వంచి, రాళ్ళు ఏరి పక్కన పేర్చి, మన్నును ఒట్టి కాళ్ళతో తొక్కి గట్టిచేశాడు. అంతలో దర్శిని కూడా చీరకొంగు కప్పి తెచ్చిన నెత్తిమీది గంప దించింది. అందులోనూ పెరటి మన్నే.

"ఇదేంటి అమ్మణీ?"

"చక్రం బాకీ నైనా. జ్వరం నాదే గదా, సగం నేను మోస్తే పెరుమాళ్ళు వద్దంటాడా?" అంటూ దాన్నీ గాడిలోనే వంచింది.

వెనక నుంచి తులసిమాల పట్టుకుని వస్తున్న ఒక ముసలావిడ ఆ మన్ను మీద అడుగేసి, జారకుండా, వీళ్ళ వైపు చూడకుండా పైకి వెళ్ళిపోయింది. పాతికేళ్ళ బాకీ తీరిపోయింది.

మరుసటి నెల మండలి నివేదిక వెలువడింది. ఐదో మలుపులో రెండు గంపల మన్ను పెరిగిందనీ, అందుకు కారణం అక్కడి బోర్డేననీ తేల్చారు. ఆ విజయానికి గుర్తుగా అదే మలుపులో ఇంకా పెద్ద బోర్డు పాతాలని తీర్మానించారు. గుంతకు స్థలం కూడా ఎంపిక చేశారు: కొత్త మన్ను మెత్తగా ఉన్నచోట.