నమూనా అద్దెదారు

ఆదోని, ఎమ్మిగనూరు పట్టణాల్లో ఒకరికొకరు ఏమీ కాని మనుషులు ఒకే ఇంట్లో నిద్రపోవాలంటే, ఇకమీదట ఆ ఇంటి యజమానికి లైసెన్సు ఉండాలని ప్రకటన వెలువడింది. మనిషికో కిటికీ ఉండాలి. ఒకరి కిటికీలోంచి మరొకరు చూడరాదు. ఒకరి కాలు మరొకరి తలకు తగలరాదు. చదువుతుంటే అలాంటి ఇంట్లో నాకే అద్దెకు ఉండాలనిపించింది.

మార్కెట్ యార్డు వెనక నాకో ఇల్లుంది. ఒకప్పుడు పత్తి గోదాము. పత్తి తడిస్తే ధర పడిపోతుంది. మనుషులు తడిస్తే వాళ్లే ఆరబెట్టుకుంటారు. ఈ లెక్క తెలిశాక పత్తి తీసేసి మనుషుల్ని పెట్టాను. మిల్లు కూలీలు, కాలేజీ పిల్లలు, ఎవరి మూల వారిది. ఒక మూల హులిగమ్మది. కౌతాళం నుంచి వచ్చి జిన్నింగ్ మిల్లులో పత్తి ఏరుతుంది. ఇంటి స్థలం పట్టాకు అర్జీ పెట్టుకుని, జాబితా కోసం ఎదురుచూస్తోంది. ఆమెకు లోకంలో మరో కోరిక లేదు.

గోదాములకు కిటికీలుండవు. అయినా నేను బెదరలేదు. మా యార్డులో పత్తి కొనేవాడు గోనె బోరెం మొత్తం విప్పడు. పైనుంచి గుప్పెడు లాగి, పీచు సాగదీసి చూసి, ధర చెప్పేస్తాడు. పైన ఏ పత్తి పెట్టాలో అమ్మేవాడికి తెలుసు. అందుచేత ముందు గదికి ఒక్కదానికే సున్నం కొట్టించి, కిటికీ పెట్టించి, మంచం వేయించి, హులిగమ్మను నమూనాగా కూర్చోమన్నాను.

"నాకేమొస్తాది అప్పా?" అంది.

"పట్టాల జాబితా రాసేదీ ఈ తనిఖీకొచ్చే సారే. నీ మొగం ఆయన కంట్లో పడితే మంచిదే గదమ్మా."

"అట్లయితే కదలకుండా కూసుంటా."

తనిఖీ రోజు మిగతావారిని బస్సెక్కించి ఎమ్మిగనూరు పంపాను. అక్కడి యజమానులు అదే ముందుచూపుతో తమవాళ్లను ఆదోని పంపారు. రెండు ఊళ్ల అద్దెదారులూ దారిలో బస్సుల్లోంచి ఒకరికొకరు చేతులూపుకున్నారు.

తనిఖీ అధికారి వరుణ్ గారు గది చూసి ముగ్ధులయ్యారు. "కలిసి నివసించే ఇంట్లో ఇంతటి సామరస్యాన్ని నేనెక్కడా చూడలేదు. ఒక్క తగాదా లేదు, ఒక్క ఫిర్యాదు లేదు. ఇది రెండు పట్టణాలకూ ఆదర్శం!" అని ప్రసంగించి, హులిగమ్మ ఫొటోతో సహా లైసెన్సు మంజూరు చేశారు.

పక్క వీధిలో నాలాగే మనుషుల్ని అద్దెకు పెట్టుకున్న ధాన్యం వ్యాపారి సిరాజుద్దీన్ ఆ సాయంత్రమే వచ్చాడు. "అన్నా, ఆమెను మా ఇంటికి ఒక్కపూట పంపియ్యి. మావోళ్ల మొగం సూస్తేనే సార్‌కు అనుమానమొస్తాది." మంచి సరుకుకు గిరాకీ ఉంటుంది, పంపాను. తర్వాత ఇంకొకరు, ఆ తర్వాత ఎమ్మిగనూరు మగ్గాల వీధివారు. ప్రతి ఇంట్లోనూ ఆమె కిటికీ పక్కన కదలకుండా కూర్చుంది. వరుణ్ గారు ఒకసారి నిలదీశారు కూడా.

"మిమ్మల్ని ఎక్కడో చూసినట్టుంది."

"దీనికి ముందర ఇంట్లోనే సార్."

ఆయన సంతృప్తిగా రాసుకున్నారు. ఇంటికో అద్దెదారు కనిపించాలని నిబంధన ఉంది. వేరువేరు అద్దెదారులు కావాలని లేదు.

పట్టాల జాబితా వచ్చింది. హులిగమ్మ పేరు ఎదుట "అనర్హురాలు: రెండు పట్టణాల్లో పలు ఇళ్లలో నివాసం" అని ఉంది.

"అప్పా, నాకు ఇన్ని ఇండ్లుండాయంట. యాడుండాయో సూపియ్యి, ఒకదాంట్లో పండుకుంటా" అంది. నవ్వుతోందేమో అనుకున్నాను. కాదు. "నువ్వు ఒక్క మాట సెప్పప్పా ఆఫీసులో. ఈ హులిగమ్మ నా గోదాములో మూలకు పడుంటాదని సెప్పు. సాలు."

యజమానులం సమావేశమయ్యాం. సిరాజుద్దీన్ తూకం తేల్చేశాడు: "నిజం సెప్తే ఆమెకు ఒక పట్టా వస్తాది. మనందరి లైసెన్సులు పోతాయి. యాపారమెరిగినోళ్లు, మీరే సెప్పండి." నష్టపరిహారంగా సన్మానం చేయాలని ఏకగ్రీవంగా తీర్మానించాం. వరుణ్ గారు శాలువా కప్పి, "ఒక నిరుపేద మహిళ ఇన్ని ఇళ్లలో నివసించే స్థాయికి ఎదగడం మన పాలనకు నిదర్శనం" అన్నారు. చప్పట్లు బాగా మోగాయి.

"ఇది యాడ పెట్టుకునేది సార్?" అని హులిగమ్మ శాలువా చూపించి అడిగింది. ఆ ప్రశ్న వందన సమర్పణలో కలిసిపోయింది.

ఆ తర్వాత ఒక చిక్కు వచ్చింది. లైసెన్సు ప్రకారం ఆమె ముందు గదిలోనే ఉండాలి. ముందు గది మాసిపోకుండా, మరుసటి తనిఖీ దాకా తాళం వేసి ఉంచాలి. వెనక మూలలో ఉంటే నిబంధన ఉల్లంఘన. చట్టాన్ని గౌరవించేవాణ్ణి కనుక బయట అరుగు మీద పడుకోమన్నాను. ఆమె మూల ఆ పూటే నిండింది.

మీలాంటి పెద్దమనుషులు మా ఊరి కాలేజీలో పిల్లల్ని చేర్చి, గది కోసం నా దగ్గరికే వస్తారు. తాళం తీసి చూపిస్తాను. కిటికీ చూసి మురుస్తారు. గోడ మీది లైసెన్సు చదివి, చట్టబద్ధమైన ఇల్లని ధైర్యపడతారు. వెళ్తూ వెళ్తూ, అరుగు మీద శాలువా కప్పుకుని పడుకున్న మనిషిని చూసి గొంతు తగ్గించి, "ఇలాంటివాళ్లు ఈ ఇంట్లో ఉండరు కదా?" అని అడుగుతారు.

"ఉండరండీ" అంటాను. ఈ వ్యాపారంలో నేను చెప్పే నిజం అదొక్కటే. మీరు నిశ్చింతగా బస్సెక్కేదీ ఆ ఒక్క మాట మీదే.