సంసిద్ధుడు లింగన్న

"గల్ఫ్ దేశాలన్నీ ఒకే మార్కెట్టు కాబోతున్న ఈ శుభ తరుణంలో, సరిహద్దు కార్మికుణ్ణి సంసిద్ధుణ్ణి చేసేదాకా నేను నిద్రపోను" అని సోమరాజుగారు హమద్ టౌన్ క్యాంపు మెస్సులో ప్రతిజ్ఞ చేశారు. ఆయన సరిహద్దు శ్రామిక సంసిద్ధతా మండలి అధ్యక్షులు. ఈ పనిమీదే హైదరాబాదు నుంచి బహ్రెయిన్ వచ్చారు. శుక్రవారం సెలవు కాబట్టి జనం బాగానే చేరారు. కరపత్రంలో "ప్రతి కార్మికుడికీ మొబిలిటీ" అని ఉండటంతో, తలా ఒక మొబైల్ పంచుతారని ఇంకొంతమంది వచ్చారు.

టైల్స్ మేస్త్రీ లింగన్న వచ్చింది మొబైల్ కోసం కాదు. అతని తమ్ముడు ముత్తన్న వంతెన అవతల సౌదీలో పనిచేస్తాడు. క్యాంపు నుంచి బస్సెక్కితే గట్టిగా గంటన్నర దూరం. అయినా అన్నదమ్ములు ఒకరి మొహం ఒకరు చూసి ఆరేళ్లయింది. సెలవులు ఎప్పుడూ కలవవు. ఒకడు ఊరు చేరేసరికి ఇంకొకడు విమానమెక్కి ఉంటాడు.

"సారూ, మా తమ్ముడు అవుతల సౌదీల ఉంటడు. ఆరేండ్లాయె వాన్ని చూడక. ఇగ పోవచ్చునా?" అని లింగన్న లేచి అడిగాడు.

సోమరాజుగారి కళ్లు చెమర్చాయి. ఇంత చక్కని కేసు స్టడీ తనంతట తాను నడిచి రావడం ఆయన సర్వీసులో అదే మొదటిసారి.

"తప్పకుండా దాటతారండి. ముందు ట్రైనింగవ్వాలి గదండీ" అన్నారు.

మరుసటి శుక్రవారం క్యాంపు ఆవరణలో సున్నంతో గీత గీశారు. ఇవతల బహ్రెయిన్, అవతల సౌదీ. అందరినీ పాస్‌పోర్టులు తెమ్మన్నారు. అవి కంపెనీ ఆఫీసు బీరువాలో తాళం వేసి ఉన్నాయని తేలింది.

"అవి ప్రాక్టికల్స్‌కండి. ఇది థియరీ" అని సోమరాజుగారు ఏమాత్రం తొణక్కుండా అట్టముక్కలు కత్తిరించి పంచారు. పెద్దవాళ్లు ఊరికే పెద్దవాళ్లయిపోరు.

సాయంత్రానికల్లా లింగన్న నలభైసార్లు సౌదీ వెళ్లొచ్చాడు. కుడికాలు ముందు పెట్టి, అట్టముక్క చూపించి, ఆత్మవిశ్వాసంతో నవ్వాలి. పెయింటరు దేవన్న మాత్రం గాలికి గీత చెరిగిపోయిన సంగతి చూసుకోక, చాయ్ తాగుతూ మూడు గంటలు వీసా లేకుండా సౌదీలో కూర్చున్నాడు. అతన్ని ఫెయిల్ చేశారు. లింగన్నకు ఫస్టు క్లాసు వచ్చింది. సర్టిఫికెట్ మీద "సరిహద్దు దాటుటకు సర్వసంసిద్ధుడు" అని బంగారు రంగులో అచ్చువేశారు.

మూడో శుక్రవారం క్షేత్ర పర్యటన. కరీంనగర్ ముఖ్తార్ బస్సు తోలాడు. వంతెన నడుమ దీవిలో రెండు దేశాలకూ చెరో టవరు ఉంది. బహ్రెయిన్ టవరు దాకా పాస్‌పోర్టు అక్కర్లేదు. ముత్తన్న తన మేనేజరును బతిమాలి, అవతలి టవరెక్కి ఫోను చేశాడు.

"అన్నా, ఎర్ర తువ్వాల ఊపుతున్న. కనవడ్తున్ననా?"

దూరాన చీమంత మనిషి, ఎర్రటి చుక్క. లింగన్నకు ఆరేళ్ల బెంగ ఒక్కసారిగా పొంగుకొచ్చింది.

"కనవడ్తున్నవ్ రా. అంత బక్కగైనవేందిరా?"

"ఇంత దూరంకెల్లి బక్కగనే కనవడ్త గదనే."

ఇద్దరూ చెరో దేశంలో నవ్వుకున్నారు. లింగన్న చొక్కా చేత్తో కళ్లు తుడుచుకుని, సర్టిఫికెట్ తీసి పట్టుకున్నాడు.

"సారూ, ఇగ దాటుదునా మరి?"

"దాటడం మా పరిధిలోకి రాదండి లింగన్నగారూ. మాది సంసిద్ధత వరకే. అందులో మీకు వంకపెట్టేవాడు లేడు" అని, సోమరాజుగారు ఫొటో కోసం లింగన్న చేత తమ్ముడి వైపు చెయ్యి ఊపించి, ఎండ కెమెరాకు అడ్డం పడిందని ఇంకోసారి ఊపించారు.

తిరుగు ప్రయాణంలో ముఖ్తార్ అద్దంలోంచి లింగన్న మొహం చూశాడు. తర్వాత అన్నాడు. "లింగన్న భాయ్, ఈ బ్రిడ్జి మీదికెల్లి నీకు తమ్ముడు దొరకడు. షార్ట్‌కట్ చెప్తా ఇను. నువ్వు ఈడ ఫ్లైటెక్కు, ఆయన ఆడ ఎక్కుతడు. ఇద్దరు మీ మెట్‌పల్లిల కలువుండ్రి. ఖలాస్."

తమ్ముడి సెలవుతో కలిసేలా లింగన్న తన సెలవు మూడు నెలలు వెనక్కి జరపమన్నాడు. సెలవు ముందుకు అడిగితే మొహం చిట్లించే కంపెనీ, వెనక్కి అనేసరికి సంతోషంగా సంతకం పెట్టింది. అలా పాతిక కిలోమీటర్ల వంతెనకు అటూ ఇటూ ఉన్న అన్నదమ్ములు మూడువేల కిలోమీటర్లు ప్రయాణం చేసి ఆగస్టులో మెట్‌పల్లి బస్టాండులో కలుసుకున్నారు. లింగన్న తమ్ముణ్ణి కావలించుకుని వదల్లేదు. దగ్గర్నుంచి చూస్తే ముత్తన్నకు బొజ్జ కూడా వచ్చింది.

అంతలో పక్కనున్న లింగన్న భార్య నాగవ్వ సెల్లు మోగింది. ట్రైనింగు ఫారంలో లింగన్న ఇంటి నంబరని రాసిచ్చింది అదే కాబట్టి తనే ఎత్తాడు.

"లింగన్నగారూ, సోమరాజునండి. ముఖ్తార్ చెప్పాడు, ఇద్దరూ కలుసుకుంటున్నారటగా. మా కష్టం ఫలించిందండి. వార్షిక నివేదిక ముఖచిత్రం మీ ఇద్దరిదే. కావలించుకుని ఓ ఫొటో దిగి పంపండి."

"బస్టాండ్ల ఉన్నం సారూ."

"అక్కడే దిగండి, పర్వాలేదు. వెనకాల మెట్‌పల్లి అన్న బోర్డు పడకుండా చూస్కోండి, చాలు."