చెప్పులు ఇక్కడ విడువవలెను

"దేశభక్తి అరికాలి నుంచే మొదలవ్వాలి" అని మంత్రి నరసింగరావుగారు సెలవిచ్చిన రోజే, శ్రీకాకుళంలో నాగావళి మీద కట్టిన అమరవీరుల స్మారక వంతెనపై చెప్పులు నిషేధించారు. "గుళ్లోకి చెప్పులతో వెళ్తామా?" అని ఆయన అడిగితే అందరూ చప్పట్లు కొట్టారు. టైర్లు బండ్లకి చెప్పులే కదా అని మర్నాడు వాహనాలనూ ఆపేశారు. బస్సులు పాత దారినే చుట్టు తిరిగి పోతున్నాయి. ఇంత ముందుచూపున్న నాయకుణ్ణి నేనెక్కడా చూడలేదు. చెప్పుల స్టాండు కూడా నాకే ఇప్పించారు.

వంతెన మధ్యలో వీరజవాను విగ్రహాన్ని ఆవిష్కరించే రోజు పొద్దున్నే సత్యానందం వచ్చాడు. కార్గిల్‌లో కుడికాలు పోగొట్టుకున్న మాజీ సైనికుడు. మర్నాడే అవతలి ఒడ్డు చర్చిలో కూతురు షీబా పెళ్లి. కూతుర్ని చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లాలని, కొత్త పెట్టుడుకాలితో కర్ర లేకుండా నడవడం నేర్చుకున్నాడు.

"బూటు ఇప్పు బావా," అన్నాను.

"బూటు ఊడదురా. కాలు ఊడతాది."

"అయితే కాలే ఇప్పు."

"సంకలో ఎట్టుకుని ఎల్తాన్రా."

"సంకలో ఉన్నా బూటు బూటే కదేటి?"

నన్నో చూపు చూసి కాలు విప్పి ఇచ్చాడు. టోకెన్ తీసుకుని, నా వెదురుకర్ర ఊతంతో గెంతుకుంటూ పాస్టరుగారిని కలవడానికి వెళ్లాడు.

ఆ తర్వాత మంత్రిగారు వచ్చారు. బూట్లు విప్పలేదు. ఎర్ర తివాచీ పరిచారు గనక ఆయన నడిచింది వంతెన మీద కాదు. తీరా చూస్తే దిమ్మె మీద విగ్రహమే లేదు. కాంట్రాక్టరు ఫోను స్విచాఫ్. టీవీ వాళ్లేమో వచ్చేశారు.

మంత్రిగారి కన్ను నా స్టాండు మీద పడింది.

"అదేటి?"

"మిలిటరీ కాలండి."

"మరింకేటి కావాలి? ఎక్కించండి!"

కాలు దిమ్మె ఎక్కింది. దండలు పడ్డాయి, బ్యాండు మోగింది. మంత్రిగారు కళ్లు తుడుచుకున్నారు. నాకూ నీళ్లొచ్చాయి.

సాయంత్రం సత్యానందం టోకెన్ చూపించాడు.

"నా కాలు ఇచ్చెయ్యరా. రేపు పాపని నడిపించాల."

కాపలా కానిస్టేబుల్ అడ్డం వచ్చాడు. "స్మారకాన్ని ముట్టుకుంటే కేసవుతాది."

"అది నా కాలు బాబూ!"

"పొద్దుటిదాకా నీదే. ఇప్పుడు దేశానిది."

మర్నాడు తెల్లచీరలో షీబా, తండ్రి చెయ్యి తన భుజం మీద వేసుకుని వచ్చింది. ఆమె జోడుకో టోకెన్, ఆయన ఒంటి చెప్పుకో టోకెన్ ఇచ్చాను. దిమ్మె దగ్గర కానిస్టేబుల్ ఆపాడు. సెల్యూట్ కొట్టనిదే ఎవరూ దాటకూడదట. సత్యానందం కూతురి భుజం వదిలి, ఒంటికాలి మీద నిటారుగా నిలబడి, తన కాలికి తనే సెల్యూట్ కొట్టాడు.

దిమ్మెకి కొత్తగా బిగించిన పలకని షీబా పైకే చదివింది:

"పేరు తెలియని వీరుడు."